సెలవునాటి రొట్టె

జడ్చర్ల దాటాక రోడ్డు పక్క హోటల్ ముందు ఆగే కార్లవాళ్లు మణెమ్మ మొహం చూడరు, ఆమె చేతులే చూస్తారు. కట్టెల పొయ్యి దగ్గర పొద్దున పదింటి నుంచి పొద్దుగూకేదాకా జొన్నరొట్టెలు కొడుతూనే ఉంటుంది. పొయ్యి వేడికి ఆమె కుడి చెంప నల్లబడింది. పెనం మీది రొట్టెకు నీళ్లు పూశాక, కుడి మణికట్టును ఎడమచేత్తో ఓసారి పిసుక్కుంటుంది. కొందరు ఫోన్లలో వీడియో తీసుకుంటారు. ఆమె తలెత్తదు, తలెత్తితే రొట్టె మాడుతుంది.

మొన్న ఆదివారం బిడ్డ త్రివేణి కిరాయి కారు మాట్లాడి, సోమశిల చూపిస్తానని తీసుకుపోయింది. మధ్యాహ్నం కొల్లాపూర్‌లో జనం కిటకిటలాడే ఒక హోటల్లో కూర్చున్నారు. వడ్డించేదాకా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మణెమ్మ ఒడిలో పెట్టుకుంది. నాటుకోడి కూర, రొట్టెలు వచ్చాయి. ముక్క తుంచింది గాని నోట పెట్టలేదు. వంటింట్లోంచి రొట్టె కొట్టే చప్పుడు వినబడుతోంది. నాలుగు దెబ్బలు గట్టిగా, ఐదోది మెత్తగా, ఆ తర్వాత కాసేపు ఏమీ లేదు.

"లోపలామెకు చెయ్యి గుంజుతాంది," అంది మణెమ్మ.

"నీకెందుకే అమ్మా, తినరాదు," అంది త్రివేణి.

మణెమ్మ అప్పటికే లేచింది. వంటింట్లోకి పోయి, పొయ్యి ముందున్నామెతో "జర పక్కకు కూసో చెల్లె, నాలుగు నేను కొడ్త," అని పిండిముద్ద అందుకుంది. ఆ వంటామె గోడకు ఒరిగి, మణెమ్మ అరచేతి కింద గుండ్రంగా తిరుగుతున్న రొట్టెను కాసేపు చూసింది.

"ఏ హోటల్ల చేస్తవక్కా?"

"జడ్చర్ల కాడ. ఇయ్యాల నాకు సెలవు," అంది మణెమ్మ, రెండో ముద్ద తీసుకుంటూ.