ఇంజనుకు కట్టిన ఇల్లు

ఊళ్ళోకి కొత్త కొత్త మోటార్లు వస్తున్న రోజులవి. మాకు మాత్రం తోటకు నీళ్ళు తోడడానికి మా ఆయన వదిలిపోయిన పాత డీజిల్ ఇంజనే దిక్కు. చంద్రపూర్ ఎండకు అది డస్సిపోతుందని మా మరిది దాని చుట్టూ రేకులు బిగించి చిన్న ఇల్లే కట్టేశాడు. మధ్యాహ్నానికల్లా అది నల్లపొగ కక్కుతూ మూలగసాగింది. పైపులో నీళ్ళు సన్నబడ్డాయి, వంగతోట వాలిపోయింది.

"గిదేందయ్యా, దాని ఊపిరి మూసినవ్?"

"నీడ కోసం గద వదినా!"

"నీడ ఎవరడిగిన్రు? లోపల గాలి పొయ్యి లెక్క కాలుతుంది. గా గాలి పీల్చి అదేం పనిజేస్తది? నువ్వు గూసో లోపల, తెలుస్తది!"

నేనే రెండు రేకులు పీకేశాను. గాలి ఆడింది, పొగ తగ్గింది, నీళ్ళు మళ్ళీ దూకాయి. ఒక్క మడి తడిసేలోపే మా మరిది ఇంజనుమీద కప్పడానికి దుప్పటి పట్టుకొచ్చాడు!