అత్తగారి మందు గొట్టం

మొన్న మనవరాలికి ఆయాసం వస్తే మా అబ్బాయి నెబ్యులైజర్ తెచ్చి బల్ల మీద పెట్టాడు. మీట నొక్కగానే అది గుర్రుమంటూ మందును పొగలా చేసి పిల్ల ముఖానికున్న తొడుగులోకి పంపింది. పిల్ల బొమ్మల పుస్తకం తిరగేస్తూ కూర్చుంది. "ఇంతేనా!" అన్నాను పైకే. మా అత్తగారి మందు గొట్టం ఉన్న రోజుల్లో ఇల్లంతా దాని చుట్టూ తిరిగేది మరి.

అప్పుడు చిక్కడపల్లిలో ఒక మేడ మీద వాటాలో అద్దెకుండేవాళ్ళం. మావారి ఉద్యోగం కోసం కోస్తా నుంచి వచ్చాం. అత్తగారికి ఉబ్బసం. డాక్టరు ఇప్పించిన సాధనం ఒక చిన్న గాజు గొట్టం, దాని వెనక రబ్బరు బంతి. గొట్టంలో మందు చుక్కలు వేసి, మూతి నోట్లో పెట్టుకుని, బంతి నొక్కుతూ ఊపిరి లోపలికి లాగాలి. ఆవిడ ఆ పని చేస్తుంటే చూసి తీరాలి. నిటారుగా కూర్చుని, కళ్ళు మూసుకుని, నొక్కుకీ ఊపిరికీ వెంట్రుకవాసి తేడా రాకుండా లాగేవారు. ఇంకొకరి చెయ్యి పడనిచ్చేవారు కాదు. ఆయాసంలోనూ ఆవిడ దర్జా ఆవిడదే. నాకు ఆవిడంటే భయం, అంతకు మించి ముచ్చట.

ఒక్కటే పిచ్చి, ఎండ. ఎండ తగిలితేనే ఏదైనా శుభ్రమైనట్టు లెక్క. ఆవకాయ జాడీలు, తలగడలు, అప్పడాలు, వాటి పక్కనే పళ్ళెంలో కడిగిన గొట్టమూ బంతీ డాబా మీద ఎండాల్సిందే. కింద ఉండే ఇంటిగలావిడ ఈ ఊళ్ళోనే పుట్టి పెరిగిన మనిషి. బట్టలారేయడానికి వచ్చినప్పుడల్లా చెప్పేది. "అక్కా, రబ్బరును గిట్ల ఎండల పెడితే పలుగుతది."

"మా ఇంట్లో ఇదే పద్ధతమ్మా," అనేవారు అత్తగారు.

అది తెలంగాణ గొడవల ఏడు. వీధిలో మా యాస వినబడకుండా గొంతు తగ్గించి మాట్లాడుకునేవాళ్ళం. దుకాణాలన్నీ మూసిన ఒక బందు నాటి మధ్యాహ్నం ఆవిడకు ఆయాసం ముంచుకొచ్చింది. బంతి నొక్కితే తుస్సుమంది. ఎండకు నిలువునా పగిలిపోయింది. మందుల షాపేదైనా తెరిచి ఉంటుందేమోనని మావారు నారాయణగూడ వైపు పరుగెత్తారు. అత్తగారి పెదవులు నల్లబడుతున్నాయి. నేను ఏడుస్తూ కిందికి పరుగెత్తాను.

బంతి పగిలిందనగానే ఇంటిగలావిడ అద్దాల బీరువా తెరిచింది. అందులో ఆమె పెళ్ళికొచ్చిన సెంటుబుడ్డి ఉండేది. ఎన్నడూ సెంటు పోయకుండా అపురూపంగా దాచుకున్నది. సెంటు చిమ్మడానికి దానికున్న పట్టు కుచ్చు రబ్బరు బంతిని ఒక్క లాగు లాగి ఊడదీసింది. పైకొచ్చి గొట్టానికి తొడిగితే వదులైంది. దారం చుట్టి బిగించింది. అత్తగారికి నొక్కే ఓపిక లేదు. "నేనొత్తుత అక్కా, నువ్వు గుంజు," అంది. అత్తగారు ఊపిరి లాగబోతూ వేలు ఎత్తినప్పుడల్లా ఆమె ఒత్తింది. నేను ఆ వేలినే చూస్తూ నిలబడ్డాను. చాలాసేపటికి ఆయాసం తగ్గింది.

"నువ్వు చెప్పావు, నేను వినలేదు," అన్నారు అత్తగారు, మాట రాగానే.

"గిప్పుడు మాట్లాడకు, జర పండు."

దుకాణాలు తెరిచాక కొత్త బంతి కొన్నాం. అత్తగారు మాత్రం ఆ పట్టు కుచ్చుదే వాడారు, నీడలో ఆరబెట్టుకుంటూ. కింద బీరువాలో బంతి లేని సెంటుబుడ్డి అలాగే ఉండేది. ఎవరైనా అడిగితే "దాని ఊపిరి మా అక్కకిచ్చిన" అనేది ఇంటిగలావిడ. అంత గొప్ప మాట నేను మళ్ళీ వినలేదు.

ఇద్దరూ ఇప్పుడు లేరు. ఇన్నేళ్ళకు నొక్కే చెయ్యి అక్కర్లేని యంత్రం మా ఇంటికి వచ్చింది, మంచిదే. అయినా అది గుర్రుమన్నంతసేపూ నేను పైకి లేచే ఒక వేలి కోసం చూస్తూనే కూర్చున్నాను.