ఆంటీ పుస్తకాలకు నేను వేసిన అట్టలు

పక్కింటి ఆంటీ పోయారు. పాపను స్కూల్లో దింపి వస్తుంటే వాళ్ళబ్బాయి గేటు దగ్గర ఆపి చెప్పాడు. ఎనభై దాటిన మనిషి, బాధపడకుండా వెళ్ళారని అందరూ అంటున్నారు. నాకు మాత్రం ఏడుపు కంటే ముందు సిగ్గు ముంచుకొచ్చింది. ఎందుకో మీకైనా చెప్పాలి, ఆవిడకు ఎటూ చెప్పలేకపోయాను.

ఇక్కడ న్యూజిలాండ్‌లో, హామిల్టన్‌లో మా వీధి పిల్లలకు ఆదివారం మధ్యాహ్నం ఆంటీ గరాజే లైబ్రరీ. ఆవిడ యూదు మతస్థురాలు, రిటైరైన టీచరు. కారుని వానకు వదిలేసి, లోపల తివాచీ పరిచి, యూదుల పిల్లల కథలు చదివి వినిపించేవారు. మావోరీ పిల్లలు, సమోవా పిల్లలు, మా అమ్మాయి, ఎవరొచ్చినా సరే. కథలో అమ్మమ్మ శుక్రవారం సాయంత్రం కొవ్వొత్తులు వెలిగించిందంటే చాలు, పేజీలో వేలు పెట్టి పుస్తకం మూసేవారు. "మరి మీ ఇంట్లో దీపం ఎవరు పెడతారు?" అనేవారు. పిల్లలు తలా ఒకటి చెప్పేదాకా కథ కదిలేది కాదు. మా అమ్మాయి "మా డాడీ, కానీ మమ్మీ అరిస్తేనే" అని మా పరువు తీసిందట.

వెళ్ళేటప్పుడు ఒక్కొక్కరికీ ఒక పుస్తకం ఇచ్చి పంపేవారు. ఒకసారి అలా పుస్తకం వచ్చిన వారమే మా ఇంట్లో సత్యనారాయణ వ్రతం. మనవాళ్ళు ఇరవై మంది వస్తారు. సోఫా మీద ఆ పుస్తకం, దాని మీద యూదుల గుర్తు, ఆరు మూలల నక్షత్రం. "వేరే మతం పుస్తకాలు పిల్లకెందుకు?" అని ఎవరో ఒకరు అననే అంటారు. జవాబు చెప్పే ధైర్యం లేక, బ్రౌన్ పేపర్ తెచ్చి, స్కూలు పుస్తకానికి వేసినట్టు అట్ట వేసేశాను.

తర్వాత తీయడం మర్చిపోయాను. పాప అలాగే తిరిగిచ్చేసింది. ఆ సాయంత్రం ఆంటీ పుస్తకం పట్టుకుని మా తలుపు తట్టారు. నా పని అయిపోయిందనుకున్నాను.

"ఇది నువ్వే వేశావా?"

"మా వైపు పుస్తకాలకు ఇలా అట్టలు వేస్తాం ఆంటీ, నలగకుండా."

అబద్ధం కాదు. అందుకే అంత తేలిగ్గా నోట్లోంచి వచ్చింది.

ఆవిడ ఆ మడతల్ని వేలితో నిమిరారు. "మా నాన్న కూడా పుస్తకాలకు కాగితం చుట్టేవాడు. ట్రాములో ఎవరూ పేరు చూసి యూదుడని గుర్తుపట్టకూడదని. ఆయనది భయం. నీది గౌరవం" అన్నారు. మిగతావాటికీ వేసిపెడతావా అని అడిగారు.

వేశాను. మూడు ఆదివారాలు ఆవిడ ఇచ్చిన టీ తాగుతూ, పక్కనే కూర్చుని, అన్నింటికీ వేశాను. పైన పేర్లు స్కెచ్ పెన్నుతో రాశాను. "నాదీ భయమే ఆంటీ" అందామని ఎన్నిసార్లు నోరు తెరిచానో! తెరిచిన ప్రతిసారీ సెలోటేప్ ఇటివ్వమని అడిగాను.

అంత్యక్రియల్లో మట్టి వేసి వెనక్కి వస్తుంటే ఒక ముసలావిడ నా రెండు చేతులూ పట్టుకుంది. "పుస్తకాలకు అట్టలేసిన అమ్మాయివి నువ్వేనా? నీ గురించి ఎంత గొప్పగా చెప్పేదో!" నేను తల దించుకున్నాను. వినయం అనుకుని ఉంటుంది.

ఇక ఉండబట్టలేక, తర్వాతి వారం ఆంటీ కొడుక్కి అంతా చెప్పేశాను. ఓదారుస్తాడని ఆశపడ్డట్టున్నాను. అతను మాత్రం, "ఇది అమ్మకు చెప్పాల్సింది" అన్నాడు. తర్వాత, "పిల్లలు ఆదివారం వస్తామంటున్నారు. ఎవరో ఒకరు చదవాలి" అని గరాజు తాళంచెవి ఇచ్చి లోపలికి వెళ్ళిపోయాడు.

మొన్న ఆదివారం పిల్లలొచ్చేలోపు అట్టలన్నీ విప్పేద్దామని ముందే వెళ్ళాను. మొదటిది విప్పుతుండగానే వచ్చేశారు. లోపలి నుంచి నీలం రంగు బొమ్మ బయటపడింది. రెండేళ్ళుగా అదే కథ మళ్ళీ మళ్ళీ చదివించుకున్న సమోవా పాప వంగి చూసింది.

"ఆంటీ, ఇది కొత్త బుక్కా?"

"కాదమ్మా, పాతదే. నేనే కప్పిపెట్టాను."

"ఎందుకు?"

తివాచీ మీద పిల్లలందరూ కాళ్ళు ముడుచుకుని, నా జవాబు కోసం కదలకుండా కూర్చున్నారు.