తూమెరోళ్ల ముద్ద

డెబ్బైలలో ఒక ఎండాకాలం మధ్యాహ్నం, వరంగల్ బస్టాండులో నా పక్కనున్న ముసలాయన సద్దిమూట విప్పి, తినకుండా అన్నం వంకే చూస్తున్నాడు.

"తినవేం తాతా?"

"మేం తూమెరోళ్లం బిడ్డా. మొదటి ముద్ద ఇంకొకరు పెడితేనే తింటం. మొన్న మా తమ్మునికి మన్నేసిన. మా వాళ్లల్ల ఇగ నేనొక్కన్నే. అప్పటిసంది తినలే."

జాలేసి ఒక ముద్ద కలిపి నోట్లో పెట్టాను. కళ్లు మూసుకుని మెల్లగా నమిలాడు.

"ముద్ద పెట్టినోళ్లే మాకు అయినోళ్లు. నేను పోతే మన్ను నువ్వే ఎయ్యాలె. ఇగ నాకు ఫికర్ లేదు" అన్నాడు.

సరేనన్నాను. బస్సొస్తే ఎక్కేశాను.

ములుగు రోడ్డెక్కాక గుర్తొచ్చింది, ఆయన ఊరేదో నేనడగలేదు. ఆయనా చెప్పలేదు. అయినవాడికి తెలిసే ఉంటుందనుకున్నాడేమో.