తప్పంతా గోడదే

తలుపులూ కిటికీలూ చేసి బిగించడంలో పెద్దాయనకు నలభై రెండేళ్ళ అనుభవం ఉంది. ఆ నలభై రెండేళ్ళలో ఆయన తలుపు ఒక్కటి కూడా తప్పు చెయ్యలేదు. తప్పు చేసినవన్నీ గోడలే.

తలుపు పట్టడం లేదని ఎవరైనా కబురు చేస్తే ఆయనే స్వయంగా వెళ్ళేవాడు. జేబులోంచి దారానికి కట్టిన ఇత్తడి గుండు తీసి గోడ పక్కన వేలాడదీసేవాడు. అది ఊగడం ఆగేదాకా ఒక కన్ను మూసుకుని నిలబడేవాడు. ఎందుకో ఇంట్లోవాళ్ళు కూడా ఊపిరి బిగబట్టేవాళ్ళు. గుండు ఆగాక, రోగి బంధువులతో మాట్లాడే డాక్టరులా గొంతు తగ్గించేవాడు.

"గోడ."

"గోడకేమైందండీ?"

"వంకర."

"ఎంత వంకరండీ?"

"ఉండాల్సినదాని కన్నా ఎక్కువ."

ఆ తర్వాత తలుపును షాపుకు మోయించుకెళ్ళి, బాగుచేయించి, మర్నాడు తెచ్చి బిగించేవాడు. గోడ జోలికి వెళ్ళేవాడు కాదు. గోడ వంకరైతే తలుపును ఎందుకు బాగుచేశారని ఎవరూ అడగలేదు. తలుపు పడుతోంది, అది చాలు. ఊళ్ళో మాత్రం ఆయనకు వంకరగోడ అని పేరు పడింది. ఆ పేరుతో పిలిస్తే పలికేవాడు కూడా.

ఒకసారి, ఉద్యోగం నుంచి రిటైరైన ఒక గుమాస్తా ఇంటి పెరటి తలుపును షాపువాళ్ళు తలకిందులుగా బిగించి వచ్చారు. పిడి మోకాలి ఎత్తున ఉంది. పైన ఉండాల్సిన గడియ నేలను తాకుతోంది. గుమాస్తా షాపుకొచ్చి పెద్దాయనను ఇంటికి తీసుకెళ్ళి తలుపు ముందు నిలబెట్టాడు. పెద్దాయన గుండు తీశాడు.

"గోడ," అన్నాడు.

"అంటే గోడ తలకిందులుగా కట్టారంటారా?"

"ఈ రోజుల్లో ఎలా కడుతున్నారో ఎవరు దగ్గరుండి చూస్తున్నారు చెప్పండి?"

గుమాస్తా ఆ సాయంత్రమంతా తన గోడను కిందనుంచి పైకీ, పైనుంచి కిందకీ చూస్తూ గడిపాడట.

పెద్దాయన కూతురికి ఇదంతా చిన్నప్పటినుంచీ తలనొప్పిగానే ఉండేది. తొమ్మిదో తరగతిలో ఆమె లెక్కల్లో తప్పింది. మార్కుల కాగితం పట్టుకుని గుమ్మంలో నిలబడి ఏడుస్తుంటే, ఆయన కాగితం వైపు చూడలేదు.

"మీ క్లాసు గది మూలలు చూశావా తల్లీ? ఒక్కటీ తొంభై డిగ్రీలు లేదు. ఆ గదిలో కూర్చున్న పిల్లకి కోణాలు ఎలా వస్తాయి?"

కూరలో ఉప్పెక్కువైన రోజున కూడా అంతే. ఆమె తల్లి ముద్ద నోట్లో పెట్టుకుని నాలుక కరుచుకుంది. పెద్దాయన వంటింటి గోడను కాసేపు పరికించి, "తేమ. ఉప్పు బరువెక్కింది," అని, మరో రెండు గరిటెలు వేయించుకున్నాడు.

"మీ నాన్నకు పిచ్చి," అంది తల్లి.

"గోడ పిచ్చి," అంది కూతురు.

ఆ కూతురు పదేళ్ళపాటు ఒక కంపెనీలో కూర్చుని ఇతరుల తప్పులు పట్టే ఉద్యోగం చేసింది. తర్వాత, తాతగారి కాలంనాటి షాపు నాన్నతోనే ఆగిపోకూడదని మానేసి వచ్చేసింది. వచ్చిన మొదటివారంలోనే బీరువాలోంచి ఫిర్యాదుల పుస్తకాలు బయటికి తీసింది. మూడు ఉన్నాయి. ప్రతి పేజీలోనూ తేదీ, ఇల్లు, ఫిర్యాదు, కారణం అని నాలుగు గడులు. మొదటి పేజీలో కారణం కింద 'గోడ' అని రాసి ఉంది. దాని కింద మూడు పుస్తకాల పొడుగునా డిటో.

"నాన్నా, ఇది పుస్తకమా?"

"నా చేతిరాతే."

"ఏ తప్పు ఎవరు చేశారో తెలియకపోతే మళ్ళీ అదే తప్పు చెయ్యరా?"

పెద్దాయన కాస్త ఆలోచించాడు. "గోడలు వినవు తల్లీ."

షాపులో అందరికన్నా పెద్ద వడ్రంగి చిత్రిక పడుతున్నవాడల్లా ఆగి, దగ్గి, మళ్ళీ చిత్రిక పట్టసాగాడు.

అప్పుడే కొత్త బడి పని వచ్చింది. ఇరవై రెండు కిటికీలు. పాత బడి కురుస్తోందని పిల్లల్ని ఒక గోదాములో కూర్చోబెట్టి చదివిస్తున్నారు. వానలు మొదలయ్యేలోగా కొత్త బడిలోకి మార్చాలని పెద్ద టీచరమ్మ రోజూ ఫోను చేస్తోంది. కూతురు షాపు మధ్యలో నిలబడి అందరికీ వినబడేలా చెప్పింది.

"ఈ పనికి కొలతలు నేనే తీస్తాను. తప్పొస్తే తప్పని రాస్తాం. ఇరవై రెండింటిలో ఒక్క కిటికీ నా కొలత వల్ల తప్పినా, ఈ షాపులో మళ్ళీ కాలు పెట్టను. నా పాత ఉద్యోగం నాకుంది."

"అంత మాటెందుకు అమ్మాయిగారూ," అన్నాడు వడ్రంగి.

"అంత మాటే కావాలి."

ఆమె టేపు పట్టుకుని వెళ్ళలేదు. ఎర్ర చుక్కతో దూరం కొలిచే చిన్న పరికరం కొంది. అరచేతిలో పట్టేంత ఉంది. పెద్దాయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఏం చేస్తుందిది?"

"ఈ గోడకి ఆనించి మీట నొక్కితే, ఎదురుగోడ ఎంత దూరమో చెప్తుంది."

"ఎదురుగోడ వంకరో కాదో చెప్తుందా?"

"చెప్పదు."

"ఓహో," అని తిరిగి ఇచ్చేశాడు.

ఆమె బడికి వెళ్ళి, కిటికీల కోసం గోడలో వదిలిన ఖాళీలన్నీ మధ్యాహ్నంలోపు కొలిచేసింది. టేపుతోనైతే రెండ్రోజుల పని. ఒక్కో ఖాళీ అడ్డం, పొడుగు రెండేసి సార్లు కొలిచింది. రెండుసార్లూ ఒకే అంకె వచ్చింది. సంతోషించింది. షాపులో పన్నెండు రోజుల్లో కిటికీలు తయారయ్యాయి.

బిగించే రోజున మొదటి కిటికీని నలుగురు ఎత్తి ఖాళీలో నిలబెట్టారు. ఒక పక్కకు ఆనించారు. వడ్రంగి రెండో పక్కన చెయ్యి పెట్టాడు. చెయ్యి గోడ అవతలికి వెళ్ళిపోయింది. అవతల ఎవరో ఆ చేతికి మేకులు అందించారు.

"అమ్మాయిగారూ," అన్నాడు వడ్రంగి మెల్లగా, "గాలి కోసం వదిలామా?"

రెండో కిటికీ కూడా అంతే. మూడోది, నాలుగోది. ఆమె పరికరాన్ని చేతిలో గట్టిగా పట్టుకుని ఖాళీ నుంచి ఖాళీకి పరుగెత్తింది. అన్నిటికీ అడ్డంలో నాలుగంగుళాలు, పొడుగులో నాలుగంగుళాలు తక్కువ. పెద్ద టీచరమ్మ వచ్చింది. ఆ గోడ కట్టిన తాపీ మేస్త్రి వచ్చాడు. చివరికి ఎవరో కబురు చేస్తే పెద్దాయన వచ్చాడు.

ఆయన ఎవరితోనూ మాట్లాడలేదు. కూతురి చేతిలోంచి పరికరం తీసుకున్నాడు. కిటికీకీ గోడకీ మధ్య సందులో పెట్టాడు. సరిగ్గా పట్టింది. అచ్చు పోసినట్టు పట్టింది.

అప్పుడు ఆమెకు అర్థమైంది. పరికరం వెనక అంచును గోడకి ఆనించి కొలిచింది. అది మాత్రం దూరాన్ని ముందు అంచు నుంచి లెక్కపెట్టేలా పెట్టి ఉంది. పరికరం తన పొడుగును తాను లెక్కలోకి తీసుకోలేదు. ఎనభై ఎనిమిది కొలతల్లో ఒక్కసారి కూడా.

పెద్దాయన పరికరాన్ని సందులోంచి తీసి, దుమ్ము తుడిచి, కూతురి చేతిలో పెట్టాడు. జేబులోంచి గుండు తీశాడు. ఒక కన్ను మూశాడు. అందరూ ఊపిరి బిగబట్టారు.

"గోడ," అన్నాడు.

పెద్ద టీచరమ్మ కళ్ళజోడు సవరించుకుంది. "ఇరవై రెండు కిటికీలకూనా?"

"గోడ ఒకటే కదమ్మా. చుట్టూ తిరిగింది."

"ఏమయ్యా మేస్త్రీ, నిజమేనా?"

తాపీ మేస్త్రి గుండు వైపు చూశాడు. అది అతను కట్టిన గోడ పొడుగునా వెంట్రుకవాసి తేడా లేకుండా వేలాడుతోంది.

"నాదే పొరపాటమ్మా," అన్నాడు.

కూతురి చెవులు వేడెక్కాయి. మేస్త్రి ఇసుక కుప్ప దగ్గరికి నడుస్తుంటే వెనకే వెళ్ళి అడ్డంగా నిలబడింది.

"మీ గోడ నిటారుగా ఉంది. ఎందుకు ఒప్పుకున్నారు? మా నాన్నంటే భయమా?"

"మీ నాన్నకి ఎవరు భయపడతారమ్మా?"

"మరి?"

మేస్త్రి ఇసుక మీద కూర్చున్నాడు. "చూడమ్మా, మీ నాన్న వంకరన్న గోడ ఏదీ వంకర కాదు. వంకర గోడలు వేరే ఉన్నాయి. నేను కట్టినవే పదమూడు. వాటిమీద ఆయన ఒక్క మాటన్లేదు. తలుపు షాపుకి తీసుకెళ్ళి, నా వంకరకి సరిపోయేలా చిత్రిక పట్టించి, తెచ్చి బిగించి వెళ్ళిపోయాడు. ఇంటాయనకే కాదు, నాక్కూడా చెప్పలేదు. నాకెలా తెలుసంటే, గోడ కట్టింది నేను కాబట్టి."

ఆమె కూడా ఇసుక మీద కూర్చుంది.

"ఆ గుమాస్తాగారి పెరటి తలుపు?" అంది.

"మీ పెద్ద వడ్రంగే బిగించాడు. ఆ వారం వాళ్ళావిడ ఆసుపత్రిలో ఉంది. అతను పనికొచ్చాడు గానీ తల ఇక్కడ లేదు. తలుపూ, అతనూ, రెండూ తలకిందులే. ఆ తర్వాత అతని చేతిలో తలుపు తప్పడం మీరెప్పుడైనా చూశారా?"

"లేదు."

"నేనూ చూళ్ళేదు."

"మరి మీకు చెడ్డపేరు రాదా?"

"ఊళ్ళో ఒకటో రెండో వంకరంటే వస్తుంది. ఊరంతా వంకరంటే ఎవరికొస్తుందమ్మా?" అని మేస్త్రి బీడీ ముట్టించుకున్నాడు.

ఆమె వెనక్కి వచ్చింది. పెద్ద టీచరమ్మ ఇంకా గోడనే చూస్తోంది. పెద్దాయన ఆమెకు గోడల స్వభావం వివరిస్తున్నాడు.

"మేడమ్," అంది కూతురు. "గోడ తప్పు లేదు. మేస్త్రిగారి తప్పు లేదు. కొలతలు నేను తీశాను. తప్పుగా తీశాను."

పెద్దాయన ముఖం మాడిపోయింది. షాపు మీద ఎవరో అభాండం వేసినట్టు చూశాడు.

"మరి మీరు గోడన్నారు?" అంది పెద్ద టీచరమ్మ ఆయనతో.

"మా అమ్మాయి పనికి కొత్తమ్మా," అన్నాడు పెద్దాయన. "తప్పెవరిదో గుర్తుపట్టడం ఇంకా రాలేదు."

ప్రతి చట్రానికీ చుట్టూ రెండంగుళాల చెక్క కలిపి ఎనిమిది రోజుల్లో బిగిస్తామని వడ్రంగి చెప్పాడు. పెద్ద టీచరమ్మ ఆకాశం వైపు చూసి, ఎనిమిది కాదు ఏడంది.

మర్నాడు పొద్దున్న కూతురు తాళాలు ఇచ్చేద్దామని షాపుకు వచ్చింది. గుమ్మం బయటే ఆగింది. ఆమె టేబులూ కుర్చీ రోడ్డు పక్కన, షాపు రేకుల నీడలో ఉన్నాయి. టేబులు మీద కాగితాలు ఎగరకుండా తలుపులకు వేసే ఇనప మడతబందులు నాలుగు బరువు పెట్టారు.

"ఏమిటిది నాన్నా?"

"షాపులో కాలు పెట్టనన్నావు. మాట మాటే. పెట్టకు," అన్నాడు పెద్దాయన లోపలినుంచి. "బయట కూర్చుని చెయ్యి."

"ఎన్నాళ్ళు?"

"అన్నది నువ్వు. నన్నడుగుతావేం?"

ఆమె కూర్చుంది. బడికి వెళ్ళి కొలతలన్నీ మళ్ళీ తీసుకొచ్చింది. ఈసారి పరికరంతో ఒకసారి, టేపుతో ఒకసారి. వడ్రంగి ప్రతి చెక్కనూ చూపించడానికి బయటికి రావాల్సి వచ్చింది. పదిసార్లు తిరిగాక విసిగి తన పనిబల్లనే బయటికి జరుపుకున్నాడు. అద్దాలు కోసేవాడు, ఒంటరిగా ఏం చెయ్యనని, తనూ వచ్చేశాడు. మూడోరోజుకి రంపాలు, చట్రాలు, జిగురు డబ్బాలు అన్నీ రోడ్డు మీదే ఉన్నాయి. లోపల పెద్దాయన ఒక్కడే పేపరు చదువుకుంటున్నాడు.

"షాపు ఖాళీ చేస్తున్నారా?" అని దారిన పోయే ఒకావిడ అడిగింది.

"లేదండీ," అన్నాడు వడ్రంగి. "పెంచుతున్నాం."

నాలుగో రోజు మధ్యాహ్నం ఉన్నట్టుండి చినుకులు పడ్డాయి. చెక్క తడిస్తే ఉబ్బుతుంది. అందరూ చేతికందినవి ఎత్తుకుని లోపలికి పరుగెత్తారు. కూతురు రెండు చట్రాలు చంకన పెట్టుకుని అందరికన్నా ముందు పరుగెత్తింది. షాపు మధ్యలోకి వచ్చాక ఎక్కడుందో గుర్తొచ్చి ఆగిపోయింది. వడ్రంగి పైకప్పు చూస్తున్నాడు. అద్దాలు కోసేవాడు చెప్పులో ఏదో వెతుక్కుంటున్నాడు. పెద్దాయన పేపరు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

"నాన్నా."

"ఎవరూ?" అన్నాడు పేపరు వెనకనుంచి. "నాకిక్కడినుంచి ఏమీ కనబడ్డం లేదు."

ఆమె చట్రాలు దించి పనిలోకి దిగింది. ఏడో రోజుకి ఇరవై రెండు కిటికీలూ బిగించారు. మర్నాడే పెద్ద వాన. పిల్లలు గోదాము నుంచి సంచులు నెత్తిన పెట్టుకుని వచ్చి కొత్త గదుల్లో పడ్డారు. పెద్ద టీచరమ్మ ఒక్కో కిటికీ రెక్కను తీసి, వేసి, మళ్ళీ తీసి, వేసింది. ఇరవై రెండోది వేశాక లోపల వాన చప్పుడు తగ్గింది. పిల్లలు ఎక్కాలు చదవడం వినబడింది.

"బాగా కుదిరాయి," అంది. "ఎవరు కొలిచారు?"

"మా అమ్మాయి," అన్నాడు పెద్దాయన వెంటనే.

"మొదటిసారి తప్పు కొలిచింది కూడా ఈ అమ్మాయేగా?"

పెద్దాయన చాలాసేపు జ్ఞాపకం చేసుకున్నాడు.

"గుర్తులేదమ్మా," అన్నాడు.