బద్లీ కూర్చున్న పరీక్ష

కొవిడ్ తగ్గిన మరుసటి ఏడాది. విదేశీ వైద్య కళాశాలలకు పిల్లల దరఖాస్తులు నింపించే కౌన్సెలర్‌గా సూరత్‌లో నాకది ఏడో ఏడు. తెలంగాణ నుంచి వలసొచ్చి ఇక్కడి లింబాయత్ పేటలో మగ్గాలు నడిపే రాజయ్య తన కూతురు స్రవంతిని వెంటబెట్టుకొని వచ్చాడు. నీట్ పాసైన పిల్ల. చురుకైనది.

అన్నీ నింపి, ‘డిసిప్లినరీ రికార్డ్’ దగ్గర ఆగిపోయింది. అంటే, చదివిన చోట ఏదైనా శిక్ష పడిందా అని. బీఎస్సీలో ఉండగా, జ్వరంతో పడకేసిన స్నేహితురాలు లత బదులు ప్రాక్టికల్ పరీక్షకు కూర్చుందట. కాలేజీ ఇద్దరినీ సస్పెండ్ చేసింది.

"గది తప్పెట్లయితది మేడం?" అన్నాడు రాజయ్య. "మా కార్ఖానల ఒకనికి పానం బాగలేకుంటే ఇంకొకడు బద్లీ నిలబడ్తడు. లేకుంటే వాని పని పోతది. గదే చూసి పెరిగింది పోరి."

నాకు ఒళ్లు మండింది. "డాక్టర్ బదులు ఇంకెవరో వచ్చి కోత కోస్తే ఊరుకుంటారా?" అని కసిరాను.

ఆయన గొంతు తగ్గించాడు. "రాయకుంటే ఎవలకు ఎరుక?"

దాచి దొరికితే చదువు మధ్యలో సీటు పోతుందని చెప్పాను.

"రాస్త మేడం," అంది స్రవంతి. "అక్కడికి వోయి గూడ భయపడుకుంట ఉండుడు నాతోని గాదు."

జరిగింది ఇదీ అని కాలేజీ రాసివ్వాలి. అందుకోసం వాళ్లు లత తండ్రిని కూడా పిలిపించారు. పాత గొడవ మళ్లీ రేగింది. లత ఫోన్ ఎత్తడం మానేసింది. రాజయ్య ఉండే గల్లీలోనే వాళ్లదీ ఇల్లు. వాళ్లమ్మ అందరి ముందూ ఆయన్ను నిలబెట్టి, "నీ బిడ్డ డాక్టరయ్యేటందుకు మా బిడ్డ పేరు బజార్ల పెడ్తవా?" అందట.

విదేశీ కళాశాల వాళ్ల ఇంటర్వ్యూ నా ఆఫీసులోనే, ఆన్‌లైన్‌లో జరిగింది. అడిగినవాటికి స్రవంతి తడబడకుండా జవాబిచ్చింది. బయటికొచ్చి, "లత ఉంటే ఇప్పుడు చాయ్ తాగిపిస్తుండె మేడం," అని ఏడ్చింది.

సీటు వచ్చింది. మర్నాడు రాజయ్య మిఠాయి డబ్బా తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. మూత తీస్తే నిండుగా ఉంది.

"గల్లీల ఎవ్వలు ముట్టలే మేడం. మీరన్న తినుండ్రి."

తిన్నాను.

నా దగ్గరికొచ్చే పిల్లలకు నిజం రాయమనే ఇప్పటికీ చెప్తాను, అందులో మార్పు లేదు. కాకపోతే, రాశాక నీతో ఉండేదెవరమ్మా అని కూడా ముందే అడుగుతున్నాను. ఎవరూ లేరంటే నా సొంత నంబరు ఇస్తున్నాను.