సాల్మన్‌రాజు మేష్టారి గొట్టం

2006లో సాల్మన్‌రాజు మేష్టారి కడుపులోని పెద్ద రక్తనాళం బుడగలా ఉబ్బితే, విశాఖపట్నం డాక్టర్లు గజ్జలోంచి తీగ పంపి లోపల స్టెంటు గొట్టం అమర్చారు. పెద్ద కోత లేదు. నర్సీపట్నం మిషన్ స్కూల్లో ముప్పయ్యేళ్ళు డ్రిల్లు నేర్పిన ఆయన, అప్పట్నుంచి ఊరందరికీ ఆ గొట్టం మీదే పాఠం చెప్పారు. చర్చిలో సాక్ష్యానికి లేచారంటే పాస్టరుగారు వాచీ చూసుకునేవారు.

రెండేళ్ళకి విడవని జ్వరం, నడుంనొప్పి పట్టుకున్నాయి. ఊళ్ళో ఒక డాక్టరు మలేరియా అన్నాడు, ఇంకొకాయన టైఫాయిడ్ అన్నాడు. మూడో ఆయన మరీ మేధావి, రెండూ ఉన్నాయన్నాడు. నడుంనొప్పికి మాత్రం ముగ్గురూ ఏకగ్రీవంగా వయసునే తప్పుపట్టారు.

"ఊరందరికీ సెప్పారు కదా, గొట్టం సంగతి ఈ డాక్టర్లకి సెప్పారేటండీ?" అంది భార్య కరుణకుమారి.

మేష్టారు దుప్పటి మెడదాకా లాక్కున్నారు. "ఆళ్ళు అడగలేదే!"

"బేగి సొక్కా తొడుక్కోండి," అని ఆవిడ ఆ పూటే విశాఖ తీసుకెళ్ళింది.

స్కానులో గొట్టం చుట్టూ చీము కనబడింది. మందులొక్కటే చాలవు, గొట్టం తీసెయ్యాలన్నారు. ఈసారి కోత రొమ్ము కింద నుంచి పొత్తికడుపు దాకా. ఏడు గంటలు కష్టపడి పాత గొట్టం తీసి, చీము కడిగి, నాళం మూసేశారు. కాళ్ళకి రక్తం అందడానికి చంక దగ్గర నుంచి తొడల దాకా చర్మం కిందనే కొత్త గొట్టం వేశారు.

నలభై రోజులకి ఇంటికొచ్చిన మేష్టారు, ఇప్పుడు కళ్ళజోడు కోసం వెళ్ళినా ముందు చొక్కా విప్పుతున్నారు. ప్రతి ఉదయం కరుణకుమారి ఆయన పక్కటెముకల మీద వేళ్ళు పెట్టి, కొత్త గొట్టం కొట్టుకోవడం చూస్తుంది.

"ఉన్నానా?" అంటారాయన.

"ఉన్నారు గానీ, కదలకండి."